చెప్పకుండా దించిన శ్రుతి

డాక్టర్ ఆ ప్రశ్న నన్నే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు.

హిమాయత్‌నగర్‌లో గొంతు డాక్టర్ గది అది. కుర్చీలో నా స్నేహితుడు, పక్కన స్టూలు మీద అతని భార్య, తలుపును ఆనుకుని నేను. సన్నటి కెమెరా గొట్టం గొంతులోకి దించి చూశాక డాక్టర్ చేతి తొడుగులు తీసేస్తూ ఇది ఎప్పటి నుంచి ఉందని అడిగాడు. రెండు వారాల నుంచని నా స్నేహితుడు గాలి లాంటి గొంతుతో చెప్పాడు. అంతకుముందు ఏడాదంతా గొంతు ఎన్నడూ లేనంత బాగుండెనని కూడా అన్నాడు. డాక్టర్ నమ్మలేదు. ఇది రెండు వారాల్లో పెరిగే గడ్డ కాదని, చాలా నెలల కిందటే గొంతు బొంగురు పోయి ఉండాలని, అప్పుడే వచ్చి కొన్నాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే బహుశా ఆపరేషన్ దాకా వచ్చేది కాదని అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు కలిసి పాటలు చేస్తరట కదా. పక్కన ఉన్నోళ్లు, మీకన్నా తెలియలేదా?"

నాకు తెలుసు. ఆ గదిలో ఉన్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. నేను గోడకు తగిలించిన గొంతు బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాను. నా మౌనాన్ని వాళ్లు తెలియదనే అర్థం చేసుకున్నారు. డాక్టర్ మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మా వాడలో ఒక కథ స్థిరపడిపోయింది. నా స్నేహితుడు కక్కుర్తి పడి ఎక్స్‌ట్రా బ్యాచ్‌లు తీసుకున్నాడని, పొద్దున్నుంచి రాత్రి దాకా మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడని. అతని భార్య అదే నమ్మింది. అత్తగారి వైపు వాళ్లు పెళ్లిళ్లలో అదే చెప్పుకున్నారు. చివరికి అతను కూడా అదే నమ్మాడు. ఆ కథ సగం అబద్ధం. మిగతా సగం నా దగ్గర ఉంది. ఇన్నేళ్లు నేను దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

మేం నలుగురం. అతను పాటలు రాసేవాడు, పాడేవాడు. పగలు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు పాలిటీ చెప్పేవాడు, అందుకని బ్యాండులో కూడా అతన్ని సార్ అనే పిలిచేవాళ్లు. డిగ్రీలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ కాబట్టి నాకు మాత్రం అతను "అరేయ్". నాది గిటారు. బతుకుతెరువు నారాయణగూడలో మా నాన్న పెట్టిన స్టేషనరీ షాపు. బేస్ గిటారు వాయించే అతను అంబర్‌పేట్ వాడు, బ్యాంకు నుంచి నేరుగా టై విప్పుకుంటూ వచ్చేవాడు. డ్రమ్స్ వాయించేవాడు మా అందరికన్నా చిన్నవాడు. చిక్కడపల్లిలో వాళ్ల కుటుంబానికి టెంట్ హౌస్ ఉండేది. ఆ గోడౌను మీద ఉన్న గదిలోనే మా ప్రాక్టీసు.

ఆ గది సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పరుపులు, తివాచీలు, షామియానా గుడ్డలు నాలుగు గోడల వెంట కప్పు దాకా పేర్చి ఉండేవి. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్లు లేనప్పుడు సామానంతా గదిలోనే ఉండేది. అప్పుడు అక్కడ చిటిక వేసినా ఆ శబ్దం పుట్టినచోటే చచ్చిపోయేది. ఏ చిన్న తప్పూ దాగేది కాదు. ముహూర్తాలు మొదలైతే పరుపులన్నీ ఫంక్షన్ హాళ్లకు వెళ్లిపోయేవి. ఖాళీ గోడలు మోగడం మొదలుపెట్టేవి. ఎంత పేలవంగా పాడినా గుళ్లో పాడినట్టు వినిపించేది. డ్రమ్స్ కుర్రాడు అనేవాడు, "ముహూర్తాలుంటే మా నాయన ఖుష్, మూఢముంటే మనం ఖుష్" అని. పంచాంగం చూసి రికార్డింగ్ పెట్టుకునే రాక్ బ్యాండు ఈ దేశంలో మాదొక్కటే అయి ఉంటుంది.

మా సంగీతం ఒక రకం పంచాయతీలోంచి పుట్టింది. నాకు పాత రాక్ అంటే ప్రాణం. పొడుగాటి గిటారు సోలోలు, వేడెక్కిన ఆంప్లిఫైయర్ గరగర, పాట చివర అందరూ ఒకేసారి ఎగిసిపడటం. బేస్ అతనికి ఇప్పటి ఆల్టర్నేటివ్ బ్యాండ్‌లు ఇష్టం. తక్కువ స్వరాలు, ఎక్కువ ఖాళీ, ఒకే చిన్న ముక్క పాటంతా తిరుగుతూ ఉండటం. మేమిద్దరం కొట్లాడుకుంటూ ఉంటే సార్ ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతూ వినేవాడు. చివరికి తీర్పు చెప్పేవాడు. "ముందు వీని ముసలి రాక్. ఎనుక నీ పోరగాండ్ల రాక్. నడుమ నేనుంట. ఇగ పంచాయతి బందు." మా పాటలు నిజంగానే అట్ల తయారయ్యాయి.

మాటలన్నీ అశోక్‌నగర్‌వి. ఇరుకు రూముల్లో ఉండి లైబ్రరీ తలుపు తీయకముందే వచ్చి క్యూ కట్టే పిల్లల గురించి, వాయిదా పడే పరీక్షల గురించి. అందరికీ నచ్చిన పాటలో పల్లవి ఇలా ఉండేది: "వచ్చే నెలన్నరు, ఏ నెలో చెప్పలే." ఆ "చెప్పలే" దగ్గర అతని గొంతు ఒక్కసారిగా పైకి లేచి అక్కడే నిలబడేది. బలవంతంగా ఎక్కినట్టు ఉండేది కాదు. పైన అతనికి ఇల్లుంటే అక్కడికి పోయినట్టు ఉండేది. నేను ఆ క్షణం కోసమే గిటారు పట్టుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది. హిమాయత్‌నగర్‌లో ఒక కేఫ్‌లో మొదటిసారి ఆ పాట పాడినప్పుడు అతని క్లాసు పిల్లలు వెనక బల్లల మీద కూర్చుని, నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వడం ఆపేశారు.

ఒక ఎండాకాలం ముహూర్తాలు జోరుగా సాగి, తర్వాత పొడుగాటి మూఢం వచ్చింది. పరుపులన్నీ గదికి తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం ప్రాక్టీసులో "చెప్పలే" దగ్గర అతని గొంతు రెండుగా చీలింది. కింద స్వరం, పైన ఉత్త గాలి. అతను దగ్గి, నీళ్లు తాగి, పొద్దున ఎక్స్‌ట్రా బ్యాచ్ ఉండెనని చెప్పి మళ్లీ పాడాడు. మళ్లీ చీలింది. డ్రమ్స్ వెనక ఉన్నవాడికి తాళాల మోతలో అది వినపడలేదు. బేస్ అతను తన వేళ్లనే చూసుకుంటున్నాడు. నాకు వినపడింది. అంతకుముందు నెలల్లో ఖాళీ గోడల మోత దాన్ని కప్పేసిందని కూడా అప్పుడే అర్థమైంది. పరుపుల మధ్య ఆ గొంతుకు దాక్కునే చోటు లేకుండా పోయింది.

మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. జలుబు అన్ని వారాలు ఉండదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. అరేయ్, నీ గొంతు బాగలేదు, పాట బంద్ పెట్టు, డాక్టర్‌కు చూపించుకో. డిగ్రీ నాటి స్నేహితుడితో అనడానికి ఇందులో కష్టమేముంది? కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, సొంత పాటలు చేసే బ్యాండ్‌ల కోసం పెట్టిన ఒక పెద్ద సంగీత ఉత్సవంలో వాయించమని మాకు పిలుపొచ్చింది. నా వయసు అప్పటికే ముప్పై దాటి చాలా దూరం వచ్చింది. షాపులో కూర్చుంటే నేను పెన్నులమ్మే మనిషిని. ఆ గదిలో మాత్రమే ఇంకేదో అయ్యేవాణ్ని. చెబితే అతను ఆగిపోతాడు. అతను ఆగితే బ్యాండు ఆగిపోతుంది. నేను షాపులో మిగిలిపోతాను. ఇంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు. ఎన్నోసార్లు వెతికాను.

మాలో ఒక పద్ధతి ఉండేది. బ్యాంకు అతను ఆలస్యంగా వస్తాడు కాబట్టి గిటారూ బేసూ రెండింటినీ శ్రుతి చేసి సిద్ధంగా ఉంచే పని నాది. అతను వచ్చి చేతికి తీసుకుని వాయించడమే. ఒక సాయంత్రం అందరికన్నా ముందు పోయి, రెండింటి బిరడాలూ కొద్దిగా వదులు చేశాను. తీగలన్నీ ఒకే కొలతలో, హార్మోనియం మీద ఒక మెట్టు కిందికి దిగాయి. పాట అదే, వేళ్లు పెట్టే చోట్లు అవే. మొత్తం పాటే కొంచెం పల్లంలోకి జరిగింది. సార్ ఏ వాద్యమూ వాయించడు. గిటారు శ్రుతి ఎక్కడుంటే అక్కడి నుంచే ఎత్తుకుంటాడు.

కచేరీల్లో గాయకుడి గొంతును బట్టి శ్రుతి పెట్టుకోవడం మామూలే. వయసు పెరిగేకొద్దీ దించుకుంటారు కూడా. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ దించుతున్నట్టు గాయకుడికి తెలుస్తుంది.

ఆ రోజు "చెప్పలే" చీలలేదు. పాట అయిపోయాక అతను మైకు పట్టుకునే నా వైపు తిరిగాడు.

"ఇయ్యాల గొంతు మాట ఇంటున్నదిరా."

బాగుందని నేను చెప్పాను. అది అబద్ధం కాదు, నిజంగానే బాగుంది.

కొన్ని వారాలకు మళ్లీ చీలడం మొదలైంది. మళ్లీ దించాను. అలా ఏడాది పొడుగునా అతని గొంతు ఎంత దిగితే మా పాటలను అంత దించుతూ పోయాను. అతనికి అదంతా ఎక్కడం లాగే కనిపించింది. మొదట బొంగురు పోయిందని, తను ఆపకుండా పాడాడని, దాంతో గొంతు తెరుచుకుందని అందరికీ చెప్పేవాడు. నొప్పి ఉంటే అది తెరుచుకునే నొప్పి అనేవాడు. ఆ ధైర్యంతో పాటల చివర ఇదివరకు లేని అరుపులు పెట్టాడు. తలనొప్పి వచ్చేదాకా ప్రాక్టీసు చేశాడు. మరిన్ని ఎక్స్‌ట్రా బ్యాచ్‌లు కూడా ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాడు. ఇన్ని చేసినా గొంతు అలసిపోవట్లేదు కదా అని.

బేస్ అతనికి చేతుల్లో తెలిసిపోయింది. వదులు తీగలు కింది చెక్కకు కొట్టుకుంటున్నాయి. ఒక రోజు సార్ ఇంకా రాకముందు నన్ను అడిగాడు.

"ఏంది భాయ్, ఇవి తీగలా, బట్టలారేసే తాళ్లా?"

ఇప్పటి బ్యాండ్‌లన్నీ ఇట్లనే దించి వాయిస్తున్నాయని, బరువైన సౌండ్ కోసమని, ఇన్నాళ్లు నువ్వు అడిగింది ఇదే కదా అని అన్నాను. అతని ముఖం వెలిగిపోయింది. ముసలోడు మారిండని నా భుజం మీద కొట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, సార్‌కు చెప్పినవా అని అడిగాడు. చెప్పిన అన్నాను. ఆ ఒక్క మాటతో అతన్ని కూడా నా వైపుకు లాక్కున్నాను, అతనికి తెలియకుండానే. కొత్త సౌండ్ అందరికీ నచ్చింది. పాత రాక్ మీద కొత్త చీకటి పరుచుకున్నట్టు ఉందని ఉత్సవం వాళ్లు మెచ్చుకున్నారు. అది మా కళ అనుకున్నారు. నా స్నేహితుడి గొంతులో పెరుగుతున్న గడ్డ ఎంతో, ఆ చీకటి అంత.

ఉత్సవంలో అతను అద్భుతంగా పాడాడు. అశోక్‌నగర్ నుంచి పిల్లలు బస్సులెక్కి వచ్చారు, పల్లవి వాళ్లే అందుకున్నారు. అతని కూతురు అప్పుడు చిన్న పిల్ల, వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని చెవులు మూసుకుని చూసింది. తర్వాత మూఢం చూసుకుని, పరుపుల మధ్య, ఒక ఆఖరి పాట రికార్డు చేశాం. ఆఖరిదని అప్పుడు తెలియదు.

అది ఇంటర్నెట్‌లో పెట్టిన కొద్ది రోజులకే, క్లాసులో ప్రాథమిక హక్కులు చెబుతూ ఉండగా అతని గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతూనే ఉన్నాయట. మైకు పోయిందనుకుని ముందు వరుసలో ఉన్న పిల్లవాడు లేచి వైరు కదిలించాడట. ఆ మైకు బాగానే ఉంది.

ఆపరేషన్ అయ్యింది. గడ్డ పోయింది కానీ దాని చోట మచ్చ గట్టిపడింది. గొంతు తిరిగి రాలేదు. ఇప్పుడు అతను మాట్లాడితే ఎండుటాకుల మీద నడిచినట్టు ఉంటుంది. ఫోన్‌లో అర్థం కాదు. కోచింగ్ సెంటర్ వాళ్లు పాఠం తీసేసి స్టడీ మెటీరియల్ రాసే పని ఇచ్చారు. అతని పుస్తకాలు చూసి వేరేవాళ్లు మైకులో పాఠం చెబుతారు. గోడ అవతల గదిలో కూర్చుని అతను అది వింటాడు. డ్రమ్స్ కుర్రాడు కొన్నాళ్లు ఎదురుచూసి డ్రమ్స్ మీద షామియానా గుడ్డ కప్పేశాడు. బేస్ అతనికి ట్రాన్స్‌ఫర్ అయింది. నేను షాపులో మిగిలిపోయాను. దేనికి భయపడి అదంతా చేశానో అదే జరిగింది. మధ్యలో అతని గొంతు పోయింది, అంతే తేడా.

వాళ్లింటికి పోవడం మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం పోయేవాణ్ని. అతని భార్య టీ పెడుతూ పాత మాటే తీసేది. ఎవరి కోసం ఆ బ్యాచ్‌లు, ఎవరడిగారు, నా మాట వింటే ఇవాళ ఇట్ల మూగోని లెక్క కూర్చునేటోడా అని. అతను తలవంచుకుని వినేవాడు. ఆమె లోపలికి పోయాక ఫోన్ తీసి ఆ ఆఖరి పాట పెట్టేవాడు. కళ్లు మూసుకుని, వేలితో మోకాలి మీద తాళం వేస్తూ.

"ఇది ఇను. గిట్ల ఎన్నడన్న పాడిన్నా నేను? ఆ ఒక్క ఏడాది దేవుడు అన్నీ ఇచ్చి, గప్పుడే తీస్కపోయిండు."

ప్రతి ఆదివారం నేను తల ఊపాను. ఇప్పుడు నిజం చెప్పి ఆ ఏడాదిని కూడా అతని దగ్గర నుంచి గుంజుకోవడం ఎందుకని అనుకునేవాణ్ని. ఆ ఆలోచన నాకు ఎంత సౌకర్యంగా ఉండేదో! నిద్ర పట్టేది. అతని మీద దయ చూపిస్తున్నానని కూడా కొన్నిసార్లు నమ్మాను.

అతని కూతురు ఇప్పుడు డిగ్రీలో చేరింది. తండ్రి గొంతు ఆమెకు వచ్చింది. కాలేజీలో నలుగురు పిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నారు, తండ్రి పాటలే వాయిస్తున్నారు. ఒక సాయంత్రం పెన్నులు కొనడానికి షాపుకొచ్చి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి అడిగింది.

"అంకుల్, ఆఖరి పాటకు నా గిటారు కలుస్తనే లేదు. తీగలు దించి వాయించిన్రా మీరు?"

ఔను, గిటారు సౌండ్ బరువుగా రావడం కోసం అన్నాను.

"మేం దించుత లేం. మా గిటారోడికి బద్ధకం. మామూలు శ్రుతిల్నే పాడుతున్న. నాన్న పైన ఎంత తేలిగ్గ ఉంటడో, నాకు సస్తే అస్తలేదు."

ఆమె నవ్వుతూనే చెప్పింది. మీ నాన్న ఆ పాటను అంత పైన పాడలేదు తల్లీ, పాడలేకపోయాడు, అందుకే దించాను. ఇదీ నేను చెప్పాల్సిన మాట. దానికి బదులు, మీ నాన్నకు ఏ శ్రుతైనా ఒకటేనన్నాను. తండ్రిని పొగిడినందుకు ఆమె ఎంతో సంతోషించి పోయింది. ఎవరో జిరాక్స్ కాగితాలు అడిగితే తీసిచ్చాను.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో కూర్చుని ఉన్నాను. లోపలి గదిలో పిల్ల పాడుతోంది. "వచ్చే నెలన్నరు, ఏ నెలో..." అని, "చెప్పలే" దగ్గర గొంతు చీలింది. కింద స్వరం, పైన ఉత్త గాలి. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ చీలింది. నాకు ఆ పరుపుల వాసన వచ్చింది.

పిల్ల గిటారు పట్టుకుని బయటికొచ్చింది. మాట కూడా బొంగురుగా ఉంది. నెల రోజులుగా ఇట్లనే ఉందని, డాక్టర్‌కు చూపిద్దామంటే వింటలేదని వాళ్లమ్మ మిరియాల పాలు ఇస్తూ అంది. కాలేజీ పండుగ దగ్గర పడిందట. పిల్ల తండ్రి వైపు చూసింది. అతను కూతురు చేయి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అతను ఏం చెబుతున్నాడో వినడానికి మేం ముగ్గురం ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఆగకు బిడ్డా. నాగ్గూడ గిట్లనే అయింది. ఆపలే నేను. పాడంగ పాడంగ తెర్చుకున్నది. నా గొంతు పాట తోని పోలే, బ్యాచ్‌ల తోని పోయింది. నువ్వు పాడు."

నా అబద్ధం ఆ ఇంట్లో పెరిగి పెద్దదై, తండ్రి చెప్పే సలహాగా మారి కూతురి గొంతు దాకా వచ్చింది. ఇక నా నిద్ర గురించి ఆలోచించడానికి ఏమీ లేదు.

"పాడకు తల్లీ" అన్నాను. అందరూ నా వైపు చూశారు. నేను అతని వైపు తిరిగాను. "నీ గొంతు తెరుచుకోలేదురా. నేనే తీగలు దించిన."

అతను నవ్వాడు. ఏదో పరాచికం అనుకున్నాడు. ముందు పిల్లకు అర్థమైంది. చేతిలో ఉన్న గిటారు వైపు చూసుకుంది, తర్వాత నా వైపు. షాపులో అడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఉంటుంది. నేను మొదటి నుంచి చెప్పాను. పరుపులు తిరిగొచ్చిన సాయంత్రం నుంచి, డాక్టర్ గదిలో గోడ వైపు చూస్తూ నిలబడ్డ రోజు దాకా. మిరియాల పాల మీద మీగడ కట్టింది.

అతను అడిగాడు, "ఉత్సవం నాడు కూడనా?"

"ఆ రోజు కూడ."

"ఆఖరి పాట?"

"అది ఇంకా కిందికి."

అతను కూతురి చేతిలోంచి గిటారు తీసి నా ఒళ్లో పెట్టాడు. "దించు" అన్నాడు. "ఎట్ల దించినవో సూస్త."

అతని ముందు ఆ పని ఎప్పుడూ చేయలేదు. ఒక్కో బిరడా తిప్పుతూ ఉంటే తీగలు మూలుగుతూ కిందికి దిగాయి. ఆఖరి పాటకు ఎంత దించానో అక్కడికి తెచ్చి మొదటి వరస వాయించాను. అతని పెదవులు కదిలాయి. శబ్దం లేదు. మళ్లీ పైకి బిగించి, మామూలు శ్రుతిలో అదే వరస వాయించమన్నాడు. వాయించాను. ఈసారి పెదవులు కదలలేదు. ఆ రెండింటి మధ్య దూరం ఎంతో అతను విన్నాడు. అంత దూరం తను పడిపోయాడని, పడుతున్నప్పుడు ఎగురుతున్నానని అనుకున్నాడని అతనికి తెలిసిపోయింది. నేను చూస్తుండగానే ఆ ముఖంలోంచి ఏదో ఖాళీ అయ్యింది. ఇక నిండదు.

"ఇన్నేండ్లు నేను ఈయన్నే తిట్టిన కదన్నా" అంది అతని భార్య. నన్ను తిట్టలేదు. ఆ మాటే అని గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

అతను కూతురి వైపు తిరిగి, రేపు అమ్మతో డాక్టర్ దగ్గరికి పొమ్మని, ఆయన చెప్పేదాకా పాట సంగతి మరిచిపొమ్మని, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడొద్దని చెప్పాడు. పండుగ అంటూ పిల్ల ఏదో అనబోయింది. అతను తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. పిల్ల తల ఊపింది.

తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "ఆ ఒక్క ఏడాదన్న నాదనుకున్నరా."

నేను ఎన్నో ఏళ్లుగా మనసులో కూర్చుకున్న వాక్యాలున్నాయి. బ్యాండు గురించి, నా భయం గురించి, షాపు గురించి. వాటన్నిటినీ వదిలేశాను. గిటారు పక్కన పెట్టి, అతని కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. నా గొంతు బాగానే ఉంది, స్పష్టంగా పలికింది. అందుకు కూడా సిగ్గేసింది.

"తప్పు చేసిన్రా. నీకు చెప్పకపోవుడు తప్పు. డాక్టర్ అడిగినప్పుడు నోరు మూసుకున్నది అంతకన్న పెద్ద తప్పు. నీ పేరు కరాబైతుంటే ఇంటుకుంట టీ తాగిన. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్న. క్షమించు."